నేలపట్టులో పక్షుల లెక్కకు పిల్లల్ని తీసుకెళ్తున్నాం, మీ అనుభవాలు చెప్పండి

గూడూరు టీచరమ్మ: జనవరిలో నీటిపక్షుల గణన రోజున మా తొమ్మిదో తరగతి పిల్లలు ముప్పై మందిని సూళ్లూరుపేట దగ్గరున్న నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్దామని అనుకుంటున్నాం. ఊరివాళ్లు, కాలేజీ పిల్లలు కూడా వస్తారట. నేనెప్పుడూ బైనాక్యులర్స్ పట్టుకున్న మనిషిని కాదు. ముప్పై మందిని నోరెత్తకుండా కూర్చోబెట్టడం ఎలా అన్నదే నా టెన్షన్.

సూళ్లూరుపేట చిన్నోడు: బస్సు ఎనిమిది లోపల అక్కడుండాలి మేడం. పోయినసారి మా బ్యాచ్‌ని తీసుకెళ్లిన వాళ్లు దారిలో టిఫిన్లంటూ ఆపి పదిన్నరకు దించారు. గూళ్ల మీద గూడబాతులు (పెలికాన్లు) ఎప్పుడైనా కనిపిస్తాయి, కాదనను. కానీ మేతకెళ్లే గుంపులు అప్పటికే లేచిపోయాయి. ఎండ కాస్త ఎక్కి గాలి వేడెక్కాక, రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి చూడండి, అది మొదటినుంచీ చూడాల్సిన దృశ్యం. మేం తోక చూశాం.

బైనాక్యులర్ బాబాయ్: టీచరమ్మా, పిల్లల్ని నోరు మూయించక్కర్లేదు, పని ఇవ్వండి. ఒక్కో చెట్టు ఐదుగురికి అప్పగించండి. చెరువులో నీళ్లలోనే నిలబడి ఉండే కడప చెట్ల మీదే గూళ్లుంటాయి కాబట్టి తేలికే. జనవరికి గూడబాతు పిల్లలు బాగా ఎదిగి ఉంటాయి. తల్లి ముక్కు కింది సంచిలోకి పిల్ల తల దూర్చి తింటుంది. మొదటిసారి చూసిన మా మనవడు ‘తాతా, అమ్మ పిల్లని మింగేస్తోంది’ అని ఏడుపందుకున్నాడు. ముందే చెప్పి తీసుకెళ్లండి.

లెక్క సంగతి. మేం ఒకసారి నాలుగు జట్లుగా నిలబడి చివర్లో నాలుగు అంకెలూ కూడేశాం. ఒకే గుంపుని నలుగురం నాలుగు వైపుల నుంచి లెక్కపెట్టామని బయల్దేరేటప్పుడు ఎవరికో వెలిగింది! చెరువుని ముక్కలు చేసుకుని ఎవరి ముక్క వాళ్లే చూడాలి. పెద్ద గుంపైతే ముందు పది పక్షుల్ని లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా పట్టాయో కంటితో కొలుచుకుని, అలాంటివి ఎన్ని ఉన్నాయో చూస్తే సరి.

చెన్నైలో తెలుగోడు: సైబీరియా నుంచి ఇంత దూరం ఎగిరొచ్చిన పక్షులని పిల్లలకి చెప్తే ఉత్సాహంగా చూస్తారు.

బైనాక్యులర్ బాబాయ్: అదే వద్దు తమ్ముడూ. బోర్డుల మీద, పేపర్లో ఎన్నిసార్లు చదివినా గూడబాతు సైబీరియాది కాదు. మన దేశంలోనూ, శ్రీలంకలోనూ, ఇంకా తూర్పు దేశాల్లోనూ బతికేదే. నత్తగుల్ల కొంగ, తెల్లకంకణాయి కూడా ఇక్కడివే. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండితే గూడు పెట్టుకోవడానికి వస్తాయి, వాన మొహం చాటేస్తే తగ్గిపోతాయి. నిజంగా ఉత్తర దేశాల చలి తప్పించుకుని వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. వాటిని చూపించి చెప్పండి, తప్పులేదు.

సిక్కోలు పిల్ల: మా తేలినీలాపురంలోనూ ఇదే సైబీరియా కథ! అక్కడా గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలే. కానీ ఊరివాళ్ల లెక్క వేరు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఏ దేశం నుంచి వస్తే ఏంటి, ఆడపిల్ల ఆడపిల్లే కదా అంటుంది మా అమ్మమ్మ.

సూళ్లూరుపేట చిన్నోడు: నేలపట్టు రైతులూ అంతే. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే పైరుకి ఎరువు తక్కువ పడుతుందంటారు. గణన రోజున వాళ్లలో ఒక పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి మేడం. పుస్తకంలో లేని పేర్లు చెప్తారు.

ఇంకోటి, సెల్‌ఫోన్‌లో పక్షి కూతలు పెట్టి పిలిచేవాళ్లు ఎవరో ఒకరు తగులుతారు. మొహమాటపడకుండా ఆపించండి.

చెన్నైలో తెలుగోడు: సరే బాబాయ్, ఒప్పుకున్నా 🙏 సాయంత్రం శ్రీహరికోట రోడ్డు మీదికి వెళ్లి పులికాట్‌లో ఫ్లెమింగోలు కూడా చూపించెయ్యొచ్చు కదా?

బైనాక్యులర్ బాబాయ్: నీళ్లు లోతుగా ఉంటే అవి రోడ్డుకి దూరంగా వెళ్లిపోతాయి. ముందు రోజు ఎవరినైనా అడిగి వెళ్లండి. లేకపోతే గులాబీ చుక్కలు చూసి రావాలి.

గూడూరు టీచరమ్మ: వెళ్లొచ్చామండీ! ఏడున్నరకే దిగాం. చెట్టుకి ఐదుగురు అన్న మాట పనిచేసింది, తల్లి మింగేస్తోందని ఎవరూ ఏడవలేదు. పులికాట్ మానేశాం, పిల్లలు అప్పటికే అలిసిపోయారు. గూడబాతులు, కంకణాయిలు లెక్క కుదిరింది కానీ నీటికాకులది మాత్రం తేలలేదు. మునిగేది ఒకచోట, లేచేది ఇంకోచోట. లేచింది అదేనా, వేరేదా అని నాయుడుపేట దాటేదాకా బస్సులో కొట్టుకుంటూనే ఉన్నారు.