ఎక్స్‌పీ మిషన్‌లో జీమెయిల్, బ్యాంకు తెరుచుకోవడం లేదు. దారి ఉందా?

పేజ్‌మేకర్‌రాజు · మంగళవారం, రాత్రి 9:10
అందరికీ నమస్కారం. తణుకులో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. మిషను 2006లో కొన్నది. పెంటియం 4, 1 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3. పేజ్‌మేకర్ 7లో పెళ్ళికార్డులు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు చేస్తాను. తెలుగు ఫాంట్ల ప్యాకేజీకి ఒక లాకు ఇచ్చారు, దాన్ని వెనక ప్రింటర్ పోర్టుకి గుచ్చితేనే పని చేస్తుంది. ఇన్నేళ్ళ మ్యాటరంతా ఆ ఫాంట్లలోనే ఉంది.

రెండు నెలల నుంచి ఏ సైటూ రావడం లేదు. ఒకటేమో కనెక్షన్ సురక్షితం కాదంటుంది, ఇంకొకటి తెల్ల పేజీ చూపించి ఊరుకుంటుంది. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లోకి మెయిల్ రాక చాలా కాలమైంది. నాకు కావలసినవి రెండే. పార్టీలు మెయిల్లో పంపే మ్యాటరు అందాలి, బ్యాంకులో డబ్బు పడిందో లేదో కనపడాలి. కొత్తది కొనమని మాత్రం చెప్పకండి. ఆ మాట మా అబ్బాయి రోజూ చెబుతున్నాడు.

సర్వర్‌గది · 9:31
కొత్తది కొనండి రాజుగారూ. కోపం తెచ్చుకోకండి, కారణం చెబుతాను. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపేసింది. మీ మిషనుకు సొంతంగా తెలిసిన భద్రతా భాష టీఎల్ఎస్ 1.0, అంతకు మించి రాదు. దాన్నీ 1.1నీ బ్రౌజర్లు 2020 నుంచి వదిలేస్తూ వచ్చాయి, 2021 మార్చిలో అధికారికంగానే పక్కన పెట్టారు. ఇప్పుడు సైట్లన్నీ 1.2, 1.3లలో మాట్లాడతాయి. అవతలివాళ్ళు మాట్లాడే భాష మీ మిషనుకు రాదు, అంతే. ఇది రిపేరు చేసే జబ్బు కాదు.

మీటర్‌రీడింగ్ · 9:33
చెప్పకండి అన్నదే మొదట చెప్పారు 😀

పాతఇనుము · 10:02
రాజుగారూ, కొనడం సంగతి తర్వాత చూద్దాం. ముందు కింద మూలన గడియారం మీద మౌసు పెట్టి తారీఖు చూడండి. రెండు నెలల నుంచి ఏ సైటూ రావట్లేదన్నారు, నాకు దాని మీదే అనుమానం. సైటు తన గుర్తింపుగా చూపించే సర్టిఫికెట్‌కి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు ఉంటుంది. మిషను 2002లో ఉన్నాననుకుంటే, ఈ సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదు పొమ్మంటుంది. మదర్‌బోర్డు మీద గుండ్రటి సెల్లు, సీఆర్2032, మార్చండి. వాచీల షాపులో కూడా దొరుకుతుంది.

రెండోది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ముట్టుకోకండి. అది విండోస్ దగ్గరున్న టీఎల్ఎస్‌నే వాడుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ అలా కాదు, తన టీఎల్ఎస్ తనే తెచ్చుకుంటుంది, మిగతా సర్టిఫికెట్లకి పూచీ పడే రూటు సర్టిఫికెట్ల జాబితా కూడా. ఎక్స్‌పీకి చివరిగా వచ్చిన వెర్షను 52.9 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం మరమ్మతులిచ్చే రకం), 2018ది. అందులో టీఎల్ఎస్ 1.2 ఉంది. 2021 సెప్టెంబరు 30న, సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు ఆనుకున్న పాత రూటు గడువు తీరి, బోలెడు పాత మిషన్లలో సైట్లు ఆగిపోయాయి. కొత్త రూటు ఫైర్‌ఫాక్స్‌లో 50వ వెర్షను నుంచే ఉంది కాబట్టి ఆ ఇబ్బంది దాని జోలికి రాలేదు.

మెయిల్‌కి థండర్‌బర్డ్ 52 వేసుకోండి. అయితే మామూలు పాస్‌వర్డ్ పని చేయదు. 2022 మే 30 నుంచి గూగుల్ అలాంటి ప్రోగ్రాములకు మామూలు పాస్‌వర్డ్ ఒప్పుకోవడం మానేసింది. ఫోన్లో రెండంచెల తనిఖీ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసి అది కొట్టండి. ఇరవై ఆరేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను, మీది చావలేదు.

పేజ్‌మేకర్‌రాజు · బుధవారం, మధ్యాహ్నం 12:40
పాతఇనుముగారికి దండం! 1 జనవరి 2002 అని ఉంది. సెల్లు మార్చాను, మీరు చెప్పిన ఫైర్‌ఫాక్స్ వేశాను. తాళం గుర్తు వచ్చింది. సగం సైట్లు తెరుచుకుంటున్నాయి. బ్యాంకుది మొదటి పేజీ వస్తోంది, లాగిన్ దగ్గర తిరుగుతూ ఉంటోంది. మెయిల్ మాత్రం వచ్చేసింది.

సర్వర్‌గది · 1:15
తెరుచుకున్నదల్లా భద్రం కాదు. ఆ తాళం గుర్తు చెప్పేది ఒక్కటే: మీకూ సైటుకూ మధ్య దారిలో ఎవరూ వినడం లేదు, అవతల ఉన్నది ఆ పేరుగల సైటే. మీ మిషన్లో ఎవరు కూర్చున్నారో దానికి తెలియదు. ఫైర్‌ఫాక్స్ 52కి ఏడేళ్ళ పైగా మరమ్మతు లేదు. ఈలోగా బయటపడిన కన్నాలన్నీ జగమెరిగినవే. ఒక చెడ్డ పేజీ, ఒక చెడ్డ ప్రకటన చాలు. మీరు కొట్టే పాస్‌వర్డ్ కీబోర్డు దగ్గరే దొరికిపోతే దారిలో ఎంత తాళం వేసి ఏం లాభం? దయచేసి అందులో బ్యాంకు తెరవకండి.

పాతఇనుము · 1:48
టీఎల్ఎస్ 1.2 అంటే 1.2నే. మీ కొత్త లాప్‌టాప్‌లో లెక్క వేరు, నా ఎక్స్‌పీలో లెక్క వేరు ఉండదు. దారి భద్రమా కాదా, అవును కాదు అని ఒక్క మాట చెప్పండి.

సర్వర్‌గది · 2:05
ప్రశ్న అది కాదు.

పాతఇనుము · 2:07
నా ప్రశ్న అదే.

డల్లాస్‌కాఫీ · 2:30
పాత మిషను మీద విండోస్ బదులు లైట్ లినక్స్ వేసి, ఎక్స్‌పీని వర్చువల్‌బాక్స్‌లో (మిషను లోపలే ఇంకో మిషన్ని నడిపే ప్రోగ్రాము) నెట్ లేకుండా పెట్టేస్తే?

సర్వర్‌గది · 2:41
1 జీబీలో కుదరదు. కొత్త మిషన్లో అయితే కుదురుతుంది. పది నిమిషాల పని, పేజ్‌మేకర్ లోపలే ఉంటుంది.

పేజ్‌మేకర్‌రాజు · 3:20
సార్, మరి లాకు ఎక్కడ గుచ్చాలి? కొత్తవాటికి ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ మార్పిడి కేబుల్ కొని చూశాను, ప్రింటరు ఆడింది, లాకు ఆడలేదు.

పాతఇనుము · 3:26
ఆడదు. ఆ కేబుల్ ప్రింటరు కోసం చేసింది. పది నిమిషాల పనట!

సర్వర్‌గది · 4:10
లాకు సంగతి ఒప్పుకుంటాను, నాకు తట్టలేదు. కానీ ప్రమాదం సంగతి వెనక్కి తీసుకోను. 2017 మేలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై వైరసు వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. పోలీసులకే తప్పనిది షాపుకు తప్పుతుందా?

పాతఇనుము · 4:52
సగం కథ చెప్పకండి. వాన్నాక్రై బ్రౌజరులోంచి రాలేదు. ఫైల్ షేరింగ్ వాడే 445 అనే నెట్‌వర్క్ పోర్టులోంచి, ఒక మిషను నుంచి ఇంకోదానికి పాకింది. ఎక్కువగా పడింది ఎక్స్‌పీ కూడా కాదు, విండోస్ 7. అప్పటికి దానికి మద్దతు ఉంది! మార్చిలోనే మందు, అంటే ఆ కన్నం పూడ్చే అప్‌డేట్, వచ్చింది, వేసుకోనివాళ్ళు పడ్డారు. తర్వాత ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మందు ఇచ్చింది. కాబట్టి తప్పు వయసుది కాదు, మందు వేయకపోవడానిది.

సర్వర్‌గది · 5:03
నేనూ అదే అంటున్నాను. ఎక్స్‌పీకి ఇక మందే రాదు. వాన్నాక్రైకి ఇచ్చిందీ ఊరంతా అంటుకున్నాకే ఇచ్చారు. మీరే నా వాదన గెలిపించారు.

పాతఇనుము · 5:40
మీరు గెలవండి బాబూ. జీతాల మీద బతికేవాళ్ళకి పారేయమనడం తేలిక. నేను ఒక చిన్న ఆఫీసుకి మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. 2015లో మీలాంటి ఒకాయన వచ్చి, మద్దతు పోయింది, ఇవి బాంబులన్నాడు. ఇరవై రెండు మిషన్లు కిలోల లెక్కన తూకం వేయించారు. సగం నేను చేతులతో బాగు చేసినవి. వాళ్ళ పాత లెక్కల ప్రోగ్రాము కొత్తవాటిలో నడవలేదు, దాన్ని వాడే ఇద్దరు ఆపరేటర్లని మాన్పించారు. వాళ్ళలో ఒకమ్మాయి ఇప్పుడు చీరల షాపులో ఉంది. ఆ సలహా ఇచ్చినాయన మాత్రం కొత్తవాటి బిల్లులో కమీషన్ తీసుకున్నాడు. అందుకే కొత్తది కొనమనే మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

మీటర్‌రీడింగ్ · 5:44
🍿

సర్వర్‌గది · 6:30
నేను కమీషన్ మనిషిని కాను. నాకూ ఒక కథ ఉంది, వినండి. మా మామయ్య రిటైర్డ్ టీచరు. పెన్షన్ కాగితాలకని ఊళ్ళో ఒక జిరాక్స్ సెంటర్లో ఆధార్, పాన్, పాస్‌బుక్ స్కాన్ చేయించుకున్నారు. ఆర్నెల్లకి ఆయన పేరు మీద ఎక్కడో లోను తేలింది. ఈ వయసులో మనిషిని మూడు నెలలు స్టేషను చుట్టూ, బ్యాంకు చుట్టూ తిప్పాను. ఆ సెంటరుకు వెళ్ళి చూస్తే అదీ ఎక్స్‌పీనే. డెస్క్‌టాప్ నిండా ఊళ్ళోవాళ్ళ ఆధార్ కార్డులు. మా మామయ్యది ఇంకా అక్కడే ఉంది.

పాతఇనుము · 6:38
పాపం. కానీ అది ఎక్స్‌పీ తప్పా, కాగితాలు అక్కడే వదిలేసినవాడి తప్పా? విండోస్ 11లో వదిలేసినా అంతే కదా. లోను ఆ మిషన్లోంచే వచ్చిందని రుజువుందా?

సర్వర్‌గది · 6:41
లేదు. రుజువు లేదు. మీరు అలా అడుగుతారనీ తెలుసు.

లక్ష్మి_ఆన్‌లైన్‌సెంటర్ · 8:15
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. నాదీ ఇలాంటి షాపే, దరఖాస్తులు నింపుతాను. రాజన్నయ్యా, రెండు సంగతులు చెప్పండి. మెయిల్లో వచ్చే మ్యాటరు ఫోన్లో కొట్టినదే కదా, అంటే యూనికోడ్, ఇప్పటి ఫోన్లూ సైట్లూ వాడే అక్షరాల పద్ధతి. పేజ్‌మేకర్లోకి తెస్తే ప్రశ్నార్థకాలు పడతాయి. మరి మీరేం చేస్తున్నారు? రెండోది, మీ మిషన్లో మీవి కాని కాగితాలు ఏమున్నాయి?

పేజ్‌మేకర్‌రాజు · 9:05
మ్యాటరు పక్కన పెట్టుకుని చూసి మళ్ళీ టైపు చేస్తానమ్మా. రెండోదంటే... అద్దె అగ్రిమెంట్లు, అఫిడవిట్లు కూడా చేస్తాం కదా. స్కాన్లు అని ఫోల్డరు ఉంది. ఇందాక తీసి చూశాను. 2011 నుంచి ఉన్నాయి. నాలుగు వేల చిల్లర. మళ్ళీ అడుగుతారని ఎప్పుడూ తీసేయలేదు.

లక్ష్మి_ఆన్‌లైన్‌సెంటర్ · 9:12
చూసి టైపు చేసేదానికి ఆ మెయిల్ ఫోన్లో చూస్తే ఏం, ఎక్స్‌పీలో చూస్తే ఏం అన్నయ్యా? బ్యాంకు మెసేజీ కూడా ఫోన్‌కే వస్తుంది.

సర్వర్‌గది · 9:20
నాలుగు వేలు!! రాజుగారూ, మీ మిషను మీ ఇష్టం, మీ డబ్బు మీ ఇష్టం. మీ బ్యాంకు ఖాతా పోతే మీరే పడతారు, అది కూడా మీ ఇష్టమే అనుకుందాం. కానీ ఆ నాలుగు వేల మంది మిమ్మల్ని నమ్మి ఇచ్చారు. వాళ్ళ తరఫున ఈ ప్రమాదానికి ఒప్పుకునే హక్కు మీకు లేదు. నిన్నటి నుంచి నాకు కడుపు మండుతోంది దీనికే. టీఎల్ఎస్ గురించి కాదు.

పాతఇనుము · 9:47
ఈ మాట నిన్ననే అని ఉంటే నేను ఒక్క ముక్క ఎదురు చెప్పేవాణ్ణి కాదు. మీరు మిషన్ని తిట్టారు. నా బాధల్లా ఏమిటంటే, భద్రత పేరు చెప్పి ఖర్చంతా చిన్నవాడి నెత్తిన వేస్తారు. టీఎల్ఎస్ మార్చిందీ, బ్రౌజరు ఆపిందీ, లాకు పోర్టు పీకేసిందీ ఆయన కాదు. బిల్లు మాత్రం ఆయనది.

సర్వర్‌గది · 9:55
ఖర్చు ఆయన మీద పడటం అన్యాయమే. అయినా ప్రమాదం ఊరి మీద పడకూడదు.

పాతఇనుము · 9:58
సరే. అయితే ఆయన పని ఆగకుండా చెప్పండి.

సర్వర్‌గది · 10:20
నెట్ కేబుల్ పీకేయండి. స్కాన్లు తీసేయండి. మామూలుగా డిలీట్ కొడితే పోవు, ఖాళీ అయిన చోటు మీద తిరిగి రాసే ప్రోగ్రాముతో తుడవాలి, పాతఇనుముగారు చేసి పెడతారు. ముందు మీ మ్యాటరంతా వేరే డిస్కులోకి కాపీ తీసుకోండి, 2006 నాటి హార్డ్‌డిస్కు అది. మెయిల్ కోసం పెట్టిన యాప్ పాస్‌వర్డ్‌ని గూగుల్ ఖాతాలోకి వెళ్ళి రద్దు చేయండి. ఫొటోలు కార్డ్‌రీడర్‌తో ఎక్కించుకోండి.

పాతఇనుము · 10:31
కార్డు పెట్టేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకోండి, కార్డులోది దానంతటదే నడిచే ఆటోరన్ లేవదు. ప్రెస్సుకు తీసుకెళ్ళే పెన్‌డ్రైవు వేరేగా ఉంచండి, పార్టీల పెన్‌డ్రైవు గుచ్చనివ్వకండి. వాన్నాక్రై కంటే నాకు వాటితోనే భయం.

పేజ్‌మేకర్‌రాజు · గురువారం, ఉదయం 11:25
కేబుల్ పీకాను. కాపీకి అబ్బాయి డిస్కు తెస్తానన్నాడు, అదయ్యాక స్కాన్ల పని. ఒక మాట చెప్పనా? మెయిల్ ఫోన్లో చూసుకోవచ్చని నాకూ తెలుసు. ఈ మిషన్లో నెట్ రాకపోతే షాపు మూయాల్సిందేనని అబ్బాయి అంటున్నాడు, వస్తుందని చూపిద్దామనిపించింది. కొత్తదానిలో కీబోర్డు లేఅవుటు వేరు. యాభై ఎనిమిదేళ్ళకి మళ్ళీ అక్షరాలు దిద్దలేను.

లక్ష్మి_ఆన్‌లైన్‌సెంటర్ · 11:30
లేఅవుటు అదే ఉంచి యూనికోడ్ కొట్టే పద్ధతులు ఉన్నాయి అన్నయ్యా. మీరు వాడేది ఏ లేఅవుటో చెప్పండి, తీరిగ్గా చూద్దాం.

పాతఇనుము · 11:52
సర్వర్‌గదిగారూ, నా అవును కాదు ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు.

సర్వర్‌గది · 12:04
అవును. దారి వరకు భద్రమే.

పాతఇనుము · 12:05
అంతే. నాకింకేం అక్కర్లేదు.