మదుర కెరిస్ పిడి కొనబోతున్నాను, పాతదో కొత్తదో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న (సురబాయ నుంచి)

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, ఉద్యోగం ఇండోనేషియాలోని సురబాయలో. చెక్కడపు పని ఉన్న వస్తువులంటే నాకు పిచ్చి. సురమదు వంతెన దాటి మదుర ద్వీపం తూర్పు కొసన ఉన్న సుమెనెప్ వెళ్లాను. అక్కడ ఒక పాత సామాన్ల కొట్టులో కెరిస్ (ఇక్కడి సంప్రదాయ బాకు) కత్తుల పిడులు, ఒరలు కనిపించాయి. కత్తులు లేవు, ఉత్త పిడులూ ఒరలే. రెండు పిడులు, ఒక ఒర నచ్చాయి. మొదటి పిడి చెక్కది, ఒళ్లంతా ఆకులు, తీగలు, మధ్యలో రెక్కల గుర్రం. రెండోది తెల్లగా ఉంది, ఎముక అంటున్నాడు. ఒర మీద పూల చెక్కడం, ఎరుపు, బంగారు రంగులు. అన్నీ వందేళ్ల పైవేనట. డబ్బు ఇంకా ఇవ్వలేదు, పక్కన పెట్టమన్నాను. ఫోటోలు పెడుతున్నాను. ఏం చూసి కొనాలి? ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు (విశాఖ)

తెల్లది వదిలేయండి తమ్ముడూ. మిగతా సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

జవాబు (లైడెన్, నెదర్లాండ్స్)

ఫోటోలు చూశాను. ఇక్కడి మ్యూజియంలో ఇండోనేషియా సేకరణ చాలా పెద్దది. వీలున్నప్పుడల్లా ఆ అద్దాల ముందు నిలబడడం నాకు అలవాటు, అందుకని కాస్త ఎక్కువే రాస్తాను.

మొదట రెక్కల గుర్రం గురించి. అది సుమెనెప్ చిహ్నం, అక్కడి వీరుడు జోకో తోలే కథలోని గుర్రం. సింహాలు, కిరీటాలు, యూరప్ తరహా శిరస్త్రాణం పెట్టుకున్న తలలు కూడా మదుర పిడుల మీద కనిపిస్తాయి. డచ్చి పాలనలో మదుర రాజులకు యూరపియన్లతో దగ్గరి సంబంధాలు ఉండేవి, మదుర సైనికులతో 'బారిసాన్' అనే దళమే నడిచింది. ఆ ప్రభావం చెక్కడంలోకి వచ్చింది. జావా నడిమి ప్రాంతపు పిడులు నున్నగా ఉండి చిన్నపాటి చెక్కడంతో సరిపెట్టుకుంటే, మదుర వాళ్లు ఖాళీ అన్నది వదలరు. కానీ గుర్రం ఉన్నంత మాత్రాన పాతది అయిపోదు. సుమెనెప్ దగ్గర ఆయెంగ్ తొంగ్‌తొంగ్ అనే ఊళ్లో ఈ రోజుకీ కెరిస్ చేసే కమ్మరులు ఉన్నారు. అదే జిల్లాలో కర్దులుక్ చెక్కడపు పనికి పేరున్న ఊరు. నిన్న చెక్కిన గుర్రం కూడా గుర్రమే.

వయసు తెలియాలంటే బొమ్మను కాదు, చెయ్యి తగిలే చోటు చూడాలి. కెరిస్‌ను మన కత్తిలా పిడికిలి బిగించి పట్టరు. పిడి వంపు అరచేతిలో ఒదుగుతుంది, బొటనవేలు, చూపుడువేలు కత్తి మొదట్లో ఉంటాయి. కాబట్టి నిజంగా వాడిన పిడి అరచేతికి ఆనే ఉబ్బు దగ్గర నునుపెక్కుతుంది, ఆకుల అంచులు కరిగినట్టు ఉంటాయి. వంపు లోపలి పక్క, వేలు చేరని పల్లాల్లో ఉలి గీత ఇంకా వాడిగానే ఉంటుంది, పాత మురికి గట్టిపడి ఉంటుంది. అన్ని వైపులా ఒకేలా అరిగిందంటే గరుకు కాగితం పని. అన్ని పల్లాల్లో నలుపు సమంగా ఉంటే రంగు పూసి పైన తుడిచారని అర్థం.

తర్వాత పిడిని తలకిందులు చేసి కన్నం చూడండి. కత్తి కింద 'పెసి' అనే సన్నని కడ్డీ ఉంటుంది, గుడ్డ చుట్టి దాన్ని పిడిలోకి దింపుతారు. పాత కన్నంలో తుప్పు మరక, గుడ్డ పీలికలు, నల్లబడ్డ చెక్క ఉండాలి. తెల్లటి తాజా చెక్క కనిపిస్తే అనుమానించాలి. అయితే పాత పిడిని ఇంకో కత్తికి అమర్చేటప్పుడు కన్నాన్ని మళ్లీ తొలుస్తారు. అందుకని కన్నం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

ఉలి పనికీ మోటారు పనిముట్టుతో చేసిన పనికీ తేడా భూతద్దంలో తెలిసిపోతుంది. మోటారు గీత అడుగు గుండ్రంగా, ఒకే వెడల్పులో ఉంటుంది, చివర్లు పీచు లేస్తాయి. ఉలి గీత కోసుకుపోయి కొసకి సన్నబడుతుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అక్కా. మళ్లీ వెళ్లి చూశాను. చెక్క పిడి ఉబ్బు దగ్గర నునుపుగానే ఉంది, పల్లాల్లో గీతలు పదునుగా ఉన్నాయి. కన్నం మాత్రం శుభ్రంగా, తెల్లగా ఉంది. ఒర నోరు సన్నటి గాడిలా ఉంది, వెదురు పుల్ల పెడితే కొంచెం దూరి ఆగిపోయింది. దాంతో టెన్షన్ మొదలైంది.

జవాబు (లైడెన్)

ఒర సంగతి తేలిపోయింది. కెరిస్ మొదట్లో కత్తి ఒక పక్కకి వెడల్పుగా సాగుతుంది, ఆ భాగం పేరు 'గంజ'. నిజమైన ఒర నోరు ఆ ఆకారానికి తగ్గట్టు ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువగా తొలిచి ఉంటుంది. ఏ ఒర అయినా ఒక కత్తి కోసమే తయారవుతుంది. వంకీల కత్తి అయితే లోపల ఇంకా వెడల్పు కావాలి. పుల్ల ఆగిపోయిందంటే అందులో ఎప్పుడూ కత్తి దిగలేదు, గోడకు తగిలించడానికి చేసింది. చెక్కడం నచ్చితే కొత్త వస్తువు ధరకు తీసుకోండి, తప్పేం లేదు.

పిడి మాత్రం నాకు నచ్చింది. కన్నం తెల్లగా ఉన్నా, ముందు చెప్పినట్టు మళ్లీ తొలిచి ఉండొచ్చు. ఆకులు ఒకదాని కిందికి ఒకటి దూరి వెళ్తున్నాయి, కుడి ఎడమలు అచ్చు గుద్దినట్టు లేవు. వందేళ్లు అన్న మాటకు డబ్బు ఇవ్వకండి, ఆ పనితనానికి ఎంత ఇవ్వొచ్చో అంత ఇవ్వండి. ఈ వస్తువులకు పుట్టుక కాగితాలు ఉండవు, వయసు ఎప్పుడూ అమ్మేవాడి నోటి మాటే.

జవాబు (హైదరాబాద్)

తెల్ల పిడి గురించి నేను చెప్తాను. మదురలో ఏనుగు దంతం, సముద్ర జంతువుల ఎముకలు, పళ్లు కూడా వాడారు. పిడి అడుగు భాగం అడ్డకోత కదా, కన్నం చుట్టూ భూతద్దంతో చూడండి. ఒకదాన్నొకటి కోసుకునే వంపు గీతలు జల్లెడలా కనిపిస్తే దంతమే. బయటి అంచు దగ్గర ఆ కోణం 115 డిగ్రీలు దాటితే ఏనుగు, 90 లోపు ఉంటే మామత్, అంటే అంతరించిపోయిన పాతకాలపు ఏనుగు జాతి. సన్నటి నల్ల చుక్కలు, గీతలు ఉంటే ఎముక. ఏమీ లేకుండా బుడగలు, అచ్చు అతుకు కనిపిస్తే రెజిన్, అంటే ప్లాస్టిక్ లాంటి పోత. వేడి సూది గుచ్చి చూడమని కొందరు చెప్తారు, వద్దు. అది పరాయి సొత్తు, పైగా మచ్చ పోదు.

ఎముక అని తేలినా ఏ జంతువుదో మీరు చెప్పలేరు. ఆసియా ఏనుగు, దుగాంగ్ (సముద్రపు ఆవు), స్పెర్మ్ తిమింగలం, ఈ మూడూ సైటిస్ అనే వన్యప్రాణి వాణిజ్య ఒప్పందంలో అంతర్జాతీయ వాణిజ్యం నిషేధించిన మొదటి జాబితాలో ఉన్నాయి. మన 1972 వన్యప్రాణి చట్టానికి 1986లో చేసిన సవరణ భారత ఏనుగు దంతం వ్యాపారాన్ని, 1991 సవరణ ఆఫ్రికా దంతాన్ని కూడా ఆపేసింది. 'పాతది సార్' అంటే ఎయిర్‌పోర్టులో ఎవరూ వినరు. విశాఖ అన్న ఒక్క ముక్కలో చెప్పింది ఇందుకే.

చెక్క పిడికి ఈ గొడవ లేదు, కానీ ఇంకొకటి ఉంది. ఇండోనేషియా 2010 నాటి 11వ నంబరు చట్టం 50 ఏళ్లు దాటిన వస్తువులను సాంస్కృతిక వారసత్వంగా గుర్తించే వీలు ఇస్తుంది. అలా గుర్తించినవాటిని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. కొట్టాయన నిజంగానే వందేళ్లది అంటుంటే, తూర్పు జావాలో ట్రోవులాన్‌లో ఉన్న సాంస్కృతిక పరిరక్షణ కార్యాలయంలో ముందే అడగండి. బిల్లులో చెక్క అని, కత్తి లేదని స్పష్టంగా రాయించుకోండి. కత్తితో కలిపి కొంటే ఆయుధాల చట్టం కూడా మెడకు చుట్టుకుంటుంది, ఇప్పటికి పిడితో ఆగండి.

ప్రశ్న అడిగినవారు

సరే, తెల్లది వద్దు, ఒర వద్దు. పిడి తీసుకుంటాను, ఆ కార్యాలయానికి ముందు ఫోన్ చేస్తాను. ఇంట్లో ఎలా ఉంచాలి? రాజమండ్రిలో ఎండాకాలం సంగతి తెలిసిందేగా.

జవాబు (విశాఖ)

కొబ్బరి నూనె రాయకండి తమ్ముడూ, జిగురెక్కి దుమ్ము పడుతుంది. నీళ్లు అసలు తగలనివ్వకండి. మెత్తటి బ్రష్‌తో పల్లాలు దులిపితే చాలు, పాత మురికిని గోకొద్దు. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, కిటికీ ఎండలో పెడితే చెక్క చీలుతుంది. అల్మారాలో కింద తెల్ల కాగితం పరిచి దాని మీద ఉంచండి. కాగితం మీద పొడి రాలితే లోపల పురుగు ఉన్నట్టే. అప్పుడు పాలిథిన్ కవర్లో గాలి లేకుండా బిగించి, మైనస్ 20 డిగ్రీలు వచ్చే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టాలి. తీశాక ఆ కవర్ వెంటనే విప్పకండి, గది వేడికి వచ్చేదాకా ఒక రోజు ఆగండి.