సహసంబంధం సరే, ఒకవైపే ఉండే సంబంధాన్ని ఏమందాం?

అందరికీ నమస్తే అండీ. బెంగళూరులో డేటా పని చేస్తుంటాను, నిన్న ఆఫీసులో కొత్తగా చేరిన మన తెలుగు తమ్ముడికి కోరిలేషన్ (రెండు విషయాలు ఎంతవరకు కలిసి మారతాయో చెప్పేది) గురించి తెలుగులోనే చెప్తూ ఒకచోట మాట దొరక్క ఆగిపోయా, అందుకే అడుగుతున్నా.

కోరిలేషన్‌కి సహసంబంధం అన్న మాట ఉంది, భలే కుదిరింది, ఆ "సహ"లోనే ఇద్దరూ సమానం అని ఉంది కదా. దాన్ని కొలిచే పియర్సన్ లెక్కా అంతే, −1 నుంచి 1 దాకా, ఎటునుంచి చూసినా ఒకటే అంకె. కానీ 560034 అనగానే బెంగళూరు అని చెప్పేస్తాం, బెంగళూరు అని చెప్పి పిన్‌కోడ్ ఏంటంటే ఏం చెప్తాం, ఒక్క కోరమంగళకే 560034 ఉంది, 560095 ఉంది. ఇలాంటివి పట్టుకోడానికే ప్రెడిక్టివ్ పవర్ స్కోర్ అని ఒకటుంది, 0 నుంచి 1 దాకా. ఒక కాలమ్ చూసి ఇంకో కాలమ్‌ని చిన్న డెసిషన్ ట్రీతో (అవునా కాదా అని వరసగా ప్రశ్నలు వేసి అంచనా కట్టే పద్ధతి) చెప్పించి, గుడ్డిగా అన్నిటికీ మధ్యగతమే (వరసలో పెడితే నడుమ వచ్చే అంకె) చెప్పేస్తే వచ్చే తప్పుకన్నా తప్పు ఎంత తగ్గిందో చూస్తారు (అంకెలు కాకుండా పేర్లయితే ఆ లెక్క వేరు). −2 నుంచి 2 దాకా అంకెలు తీసుకుని వర్గం (స్క్వేర్) చేస్తే పియర్సన్ సున్నా అంటుంది, సంబంధమే లేదన్నట్టు! ప్రెడిక్టివ్ పవర్ స్కోర్ మాత్రం అంకెని చూసి వర్గం బాగా చెప్తుంది, వర్గాన్ని చూసి అంకె చెప్పలేదు, 4 అంటే 2 కావచ్చు −2 కావచ్చు.

నాకు తోచింది "బట్టి". పిన్‌కోడ్‌ని బట్టి ఊరు. దిక్కు అందులోనే ఉంది.

— బావుందండీ. అది "పట్టి"యే, ద్రుతం (నకారం) మీద పరుషం "ప" సరళం "బ" అయి బట్టి అయింది, అంటే దాన్ని పట్టుకుని ఇది తెలుసుకోవడం. కానీ "కాబట్టి"లో కారణం అర్థం వస్తుంది కదా, జనం దీన్నీ కారణం అనుకోరూ?

— మంచి ప్రశ్న అండీ, రాత్రంతా అదే ఆలోచించా. కారణానికి మనకి "వల్ల" ఉంది. నేల తడిని బట్టి వాన పడిందంటాం, నేల తడి వల్ల వాన పడిందని ఎవరూ అనరు. ఈ స్కోర్ కూడా కారణం చెప్పదు, ఆనవాలు మాత్రమే చెప్తుంది, అందుకే నాకు "బట్టి"యే నచ్చింది.

— అయితే "బట్టి విలువ" అనొచ్చేమో అక్కా, స్కోర్ బదులు.

— విలువ బావుంది తమ్ముడూ, తీసుకుంటున్నా. రేపు బోర్డు మీద ఇలాగే రాస్తా: పిన్‌కోడ్‌ని బట్టి ఊరు, దాదాపు 1. ఊరిని బట్టి పిన్‌కోడ్, చాలా తక్కువ.