కాటలన్ నవలను తెలుగులోకి తేవడానికి ప్రచురణకర్త కావాలి, సలహా ఇవ్వగలరా?

అందరికీ నమస్కారం. స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఉంటూ ఇక్కడి భాష కాటలన్ నేర్చుకున్నాను. రచయిత్రి మెర్సె రొదొరెదా 1962 నాటి నవల ‘లా ప్లాసా దెల్ దియామాన్’ను ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా తెలుగు చేస్తున్నాను. స్పెయిన్ నియంత ఫ్రాంకో పాలనలో కాటలన్‌ను బడుల నుంచీ ఆఫీసుల నుంచీ వెళ్లగొట్టారు. ఆ రోజుల్లో ఆవిడ జెనీవాలో ప్రవాసంలో ఉంటూ తన భాషలోనే రాశారు. అందుకే ఈ పుస్తకమంటే నాకు ప్రాణం.

ఇక్కడి రమోన్ ల్యుల్ సంస్థ కాటలన్ సాహిత్యాన్ని బయటి దేశాలకు చేర్చడానికి అనువాద ఖర్చుకు సాయం చేస్తుంది. అయితే దరఖాస్తు ప్రచురణకర్తే పెట్టాలి. హక్కుల ఒప్పందం, అనువాదకుడితో ఒప్పందం కూడా ఉండాలి. విదేశీ సంస్థల సాయంతో అనువాదాలు వేసిన ప్రచురణకర్తలు హైదరాబాదులోగానీ విజయవాడలోగానీ మీకు తెలుసా? ఆ ఒప్పందాలు రాయించిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త దారి చూపించండి.

ఇంకో చిక్కుంది, నన్ను ఎక్కువగా వేధిస్తున్నది ఇదే. కథంతా నతాలియా నోటి మాట. మిఠాయి కొట్టులో పనిచేసిన అమ్మాయి, ఆ తర్వాత ఇంటి నిండా మొగుడు పెంచే పావురాల గోల, స్పెయిన్ అంతర్యుద్ధం, పిల్లల ఆకలి. ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోతుంది. పత్రికల తెలుగులో పెడితే చచ్చిపోతోంది. గుంటూరు మాటలో పెడితే కథ జరిగే బార్సిలోనాలోని గ్రాసియా పేట మాయమైపోతోంది. ఇలాంటి గొంతును మీరైతే ఏ తెలుగులో పలికిస్తారు? మొదటి అధ్యాయం చదివి మొహమాటం లేకుండా చెప్పేవాళ్లుంటే పంపిస్తాను.