అప్‌డేట్: పీటీఎస్‌డీ యాంగ్జైటీ రుగ్మతేనా? చిక్కు విడిపోయింది

తిరుపతిలో ఎం.ఏ. సైకాలజీ పిల్లలకు తయారుచేస్తున్న నోట్సు గురించి అడిగాను కదా: ఒక పుస్తకం పీటీఎస్‌డీ (ఘోర సంఘటన తర్వాత వచ్చే ఒత్తిడి రుగ్మత), ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం) రెంటినీ యాంగ్జైటీ (ఆందోళన) రుగ్మతల్లో చూపిస్తోంది, ఇంకోటి చూపించడం లేదు, ఏది సరి అని. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

"ముందు ఎడిషన్ చూడండి" అన్న సలహానే పనికొచ్చింది. నేను అడిగిన సైకియాట్రిస్టు కూడా అదే తేల్చారు. మొదటి పుస్తకం డీఎస్ఎం (అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే మానసిక రుగ్మతల వర్గీకరణ పుస్తకం) నాలుగో ఎడిషన్, అంటే డీఎస్ఎం-4 నాటిది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 పీటీఎస్‌డీని ఆఘాత, ఒత్తిడి సంబంధిత రుగ్మతల అధ్యాయంలోకి మార్చింది, ఓసీడీకి వేరే అధ్యాయం ఇచ్చింది. 2022లో అమల్లోకొచ్చిన ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ)దీ ఇదే దారి. అదనంగా కాంప్లెక్స్ పీటీఎస్‌డీని (సాధారణంగా చాలాకాలం లేదా పదేపదే జరిగిన ఆఘాతాల తర్వాత వచ్చే రకాన్ని) విడిగా గుర్తించింది.

పిల్లలు ఎక్కువగా తడబడేది రోజుల లెక్క దగ్గర. ఘాట్ రోడ్డులో ఘోర ప్రమాదం నుంచి బయటపడిన మనిషినే తీసుకోండి. పీడకలలు, ఉలికిపాటు, ఆ దారికే పోకుండా తప్పించుకోవడం లాంటి లక్షణాలు తగినన్ని 3 రోజుల నుంచి నెలలోపు ఉంటే డీఎస్ఎం-5లో అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్. నెల దాటినా వదలకపోతే అప్పుడు పీటీఎస్‌డీ పరిశీలించాలి. సాధారణీకృత ఆందోళన రుగ్మతకైతే (రకరకాల విషయాలపై అతిగా ఆందోళన పడటం) లక్షణాలు కనీసం 6 నెలలు ఉండాలి.

అమిగ్డలా (మెదడులో భయానికి స్పందించే భాగం) తీరును బట్టి ఈ రుగ్మతలను వేరు చేయొచ్చా అని నేను పట్టుకుని వేలాడిన ప్రశ్న మాత్రం ఇక్కడ అక్కరకు రాలేదు. దాని అతి స్పందన పీటీఎస్‌డీలోనూ, ఫోబియాల్లోనూ కనిపిస్తుంది కాబట్టి దాన్నిబట్టి వేరు చేయలేం. నిర్ధారణ లక్షణాలను బట్టే, స్కానింగును బట్టి కాదు. ఎవరైనా ఇందుకోసం ఎంఆర్ఐకి డబ్బు పెట్టబోతుంటే దయచేసి ఆపండి.