అప్‌డేట్: అమ్మ మతిమరుపు అల్జీమర్స్ కాదు, విటమిన్ బి12 లోపం

"అమ్మకి 68 ఏళ్లు, పప్పులో రెండుసార్లు ఉప్పేస్తోంది, అల్జీమర్సేనా?" అని మూడు నెలల కిందట ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ముందు రక్తపరీక్ష చేయించమన్నవాళ్ల మాటే నిజమైంది. బి12 మిల్లీలీటరు రక్తానికి 118 పికోగ్రాములే ఉంది, కనీసం 200 ఉండాలి. పూర్తి శాకాహారం, పైగా పదేళ్లుగా షుగరుకి మెట్‌ఫార్మిన్. ఆ మాత్ర బి12ని సరిగా ఒంటబట్టనివ్వదని న్యూరాలజిస్టు చెప్పారు.

ఎమ్మారైలో హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకాలకి కీలకమైన భాగం) కుంచించుకుపోలేదు, థైరాయిడ్ మామూలే. అల్జీమర్స్ భయంతో అల్యూమినియం గిన్నెలన్నీ తీసేశాను గానీ, దీనికి వాటితో సంబంధం లేదు.

బి12 ఇంజెక్షన్లు మొదలెట్టిన ఆరో వారానికి అరికాళ్ల తిమ్మిరి తగ్గింది. నిన్న నెల పాల లెక్క నోటితోనే కట్టి చెప్పింది. నాకు ఏడుపొచ్చేసింది.

మీ ఇంట్లో ఎవరైనా మెట్‌ఫార్మిన్ వాడుతుంటే బి12 పరీక్ష చేయించండి. డాక్టర్ని అడక్కుండా మాత్ర మాత్రం ఆపొద్దు.