‘క్లోక్’కి తెలుగు మాట: కప్పుకునేదా, చుట్టుకునేదా?

ప్రశ్న: ఒక కథ ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. మాటిమాటికీ ‘క్లోక్’ (భుజాల మీంచి వేలాడే, చేతుల్లేని పైబట్ట) తగులుతోంది. శాలువా అంటే పల్చనైపోతోంది, అంగీ అంటే చేతులొచ్చేస్తున్నాయి. ఉత్తరీయం వేస్తే గుర్రమెక్కిన సైనికుడు కాస్తా పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఏమనాలి?

జవాబు: నామవాచకం సంగతి తర్వాత; ముందు క్రియ చూసుకోండి. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, తలపాగా చుట్టుకుంటాం, దుప్పటి కప్పుకుంటాం. సగం పని ఈ క్రియలే చేసిపెడతాయి. రోమన్ల టోగా చుట్టుకునేది: ఇంచుమించు అర్ధచంద్రాకారపు పెద్ద గుడ్డని, పిన్నూ బొత్తామూ లేకుండా, ఎడమ భుజం మీదుగా మడతలు పోసి వేసుకునేవాళ్ళు. గ్రీకుల క్లమిస్ పొట్టిది. కుడి భుజం మీద పిన్నుతో బిగిస్తారు, రౌతులకు వీలు. దక్షిణ అమెరికా పోంచోకి నడుమ చీలిక ఉంటుంది, తల దూర్చుకోవాలి. అన్నిటికీ ‘ఉత్తరీయం’ అనేస్తే మనిషి చేతులెక్కడున్నాయో చదివేవాడికి తెలీదు.

ఇంగ్లీషు క్లోక్‌కి మూలం మధ్యయుగపు లాటిన్ ‘క్లోక్కా’, అంటే గంట. పైన ఇరుకు, కింద వెడల్పు కదా, ఆ ఆకారాన్ని బట్టి పేరు. గోడ మీది క్లాక్ కూడా ఈ గంట సంతానమే.

కేప్‌ది (అదీ భుజాల మీద వేసుకునేదే) వేరే వంశం, లాటిన్ ‘కప్పా’ నుంచి. నాలుగో శతాబ్దపు సెయింట్ మార్టిన్ సైన్యంలో ఉండగా, చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన పైబట్టను కత్తితో చీల్చి సగం ఇచ్చాడని కథ. ఆ పైబట్టను ఫ్రాంకు రాజులు పవిత్రంగా దాచుకున్నారు. దాని పేరు ‘కప్పెల్లా’, అంటే చిన్న కప్పా. అది ఉంచిన చోటు చాపెల్ (చిన్న ప్రార్థనాలయం) అయింది, కాపలా ఉన్న పూజారి చాప్లెన్ అయ్యాడు. ఇంత సంతానం మన ఉత్తరీయానికి లేదు, పాపం.

ఇంకొకరు: కప్పా అంటే మన ‘కప్పు’ కాదు కదా? జపాన్‌లో వానకోటుని కూడా ‘కప్పా’ అంటారు!

జవాబు: జపాన్ కప్పా ఆ ఇంటి పిల్లే. 16వ శతాబ్దంలో వెళ్ళిన పోర్చుగీసువాళ్ళ ‘కాపా’ నుంచి వచ్చింది. మన ‘కప్పు’ మాత్రం ద్రావిడ ధాతువు, కన్నడంలోనూ ఉంది. వియ్యం కలపకండి.

ప్రశ్న అడిగినవారు: చెప్పడం మరిచాను, కథ కాకసస్ కొండల్లోది. రష్యన్ మూలంలో ‘బుర్కా’ అని ఉందట.

జవాబు: అసలు సంగతి ఇప్పుడా చెప్పేది! అలాగే ‘బుర్కా’ అని దించేశారో, పాఠకుడికి ముఖం కప్పుకున్న స్త్రీ కనిపిస్తుంది. ఇది గుర్రపురౌతులూ గొర్రెలకాపరులూ వేసుకునేది. జార్జియన్లు నబదీ అంటారు. నేసింది కాదు, ఉన్నిని తడిపి ఒత్తి చేసిన దళసరి ఫెల్ట్. చేతులుండవు. భుజాల దగ్గర పలకల్లా బిర్రుగా నిలబడుతుంది, గుర్రం వీపు దాకా జారి వాన పడనివ్వదు, రాత్రికి అదే పక్క.

నేనైతే ‘గొంగళి’ అంటాను. గొంగళి నేసిందే, ఒప్పుకుంటాను. ఆ తేడాకి మొదటిసారి ‘బిరుసు గొంగళి’ అంటే చాలు. వాక్యంలో ‘గొంగళి కప్పుకుని మెడ దగ్గర బిగించుకున్నాడు’ అనండి. శాలువా అయితే ఎవరూ బిగించుకోరు.